మీకు తెలుసా? అలక వెనకాల ఉండేది భయమే

ఆయా వెళ్లిపోయిన ఇల్లు

ఏ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లినా, ఏ రీల్ చూసినా ఇప్పుడు ‘అటాచ్‌మెంట్’ అన్న మాట వినపడుతోంది. ఆ మాటకి ఇంత బలం తెచ్చిన జాన్ బౌల్బీ 1907లో లండన్‌లో, పేరున్న సర్జన్ ఇంట్లో పుట్టారు. అప్పటి కలవారి ఇళ్లలో పిల్లల్ని ఆయాలే పెంచేవాళ్లు. తల్లి కనిపించేది సాయంత్రం టీ అయ్యాక ఓ గంటసేపు. బౌల్బీని ప్రాణంగా చూసుకున్న మిన్నీ అనే ఆయా, ఆయనకి నాలుగేళ్లు వస్తున్నప్పుడు పని మానేసి వెళ్లిపోయింది. ప్రేమగా పెంచిన ఆయా ఆ వయసులో దూరమైతే తల్లి పోయినంత పని అవుతుందని పెద్దయ్యాక ఆయనే రాశారు. సైకియాట్రిస్టుగా ఆయన జీవితమంతా పట్టుకు వేలాడిన ప్రశ్న ఒక్కటే: దగ్గరి మనిషి దూరమైతే మనిషికి ఏమవుతుంది? దాని మీద 1969, 1973, 1980లలో మూడు పెద్ద సంపుటాలు వెలువరించారు. మనకో మనిషి కావాలన్న అవసరం పాలు మరిచిన రోజుతో తీరిపోదనీ, చివరిదాకా ఉంటుందనీ ఆయన గట్టిగా చెప్పారు. భార్యాభర్తల కథ మొదలయ్యేది అక్కడే.

నర్సులు ‘అలవాటు పడింది’ అనుకున్న పాప

బౌల్బీతో కలిసి పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో ఒక సినిమా తీశారు. లారా అనే రెండేళ్ల పాప చిన్న ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో గడిపిన ఎనిమిది రోజులే ఆ సినిమా. తల్లిదండ్రులు రోజూ వచ్చి కూర్చుంటే పిల్లలు ఏడుస్తారని అప్పటి బ్రిటన్ ఆసుపత్రులు వాళ్లని సరిగా రానిచ్చేవి కావు. ఇలాంటి పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి రాబర్ట్‌సన్, బౌల్బీ మూడు దశలు గుర్తించారు. మొదటిది నిరసన: ఏడవడం, తలుపు వైపు పరిగెత్తడం. రెండోది నిరాశ. మూడోది తెగతెంపులు: పిల్ల తేరుకున్నట్టే ఉంటుంది, నర్సులతో నవ్వుతుంది, కానీ అమ్మ వస్తే ముఖం తిప్పుకుంటుంది. వార్డులో వాళ్లు ఈ మూడో దశ చూసి “హమ్మయ్య, అలవాటు పడింది” అనుకునేవాళ్లు.

సంసారాల్లోనూ ఇదే వరస కనిపిస్తుంది. అలిగిన మనిషి, దెప్పే మనిషి, “అసలు నేనంటే మీకు లెక్క లేదు” అని గొంతు పెంచే మనిషి ఇంకా మొదటి దశలోనే ఉన్నారు. వాళ్ల చూపు ఇంకా తలుపు వైపే ఉంది. సత్యభామ అలక మనకి అంత ముచ్చటగా ఉండటానికి కారణం, కృష్ణుడు రాక తప్పదన్న నమ్మకం ఆ అలకలో ఉండటమే. పదేళ్లు పోట్లాడి ఇప్పుడు పల్లెత్తు మాట అనని ఇల్లాలిని చూసి మనవాళ్లు “సర్దుకుపోయింది” అంటారు. ఆ ఆసుపత్రి వార్డులో జరిగిన పొరపాటే అది. జంటలతో పనిచేసేవాళ్లకి గొడవ కంటే ఈ నిశ్శబ్దమే ఎక్కువ కంగారు పెడుతుంది.

ఉగాండా పల్లెల్లో దొరికిన ఆధారం

బౌల్బీ అటాచ్‌మెంట్ సిద్ధాంతానికి తొలి ప్రత్యక్ష సాక్ష్యం యూరప్‌లో దొరకలేదు. 1954లో మనస్తత్వవేత్త మేరీ ఐన్స్‌వర్త్ తన భర్తతో ఉగాండా వెళ్లి, కంపాలా చుట్టుపక్కల పల్లెల్లో 26 ఇళ్లకి పదేపదే వెళ్లి తల్లుల్ని, పసిబిడ్డల్ని గమనించారు. అడిగిందే తడవుగా అమ్మ పలికే ఇంట్లో పిల్లలు జంకు లేకుండా అమ్మని వదిలి దూరంగా పాకుతూ వెళ్లి ఆడుకునేవాళ్లు. ఆ పరిశీలనలు 1967లో పుస్తకంగా వచ్చాయి.

వెళ్లడం కంటే తిరిగిరావడం ముఖ్యం

ఐన్స్‌వర్త్ ఆ తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక చిన్న పరీక్ష తయారుచేశారు. ఏడాది వయసు బిడ్డ, తల్లి, కొన్ని బొమ్మలు, ఒక కొత్త మనిషి, సుమారు 20 నిమిషాలు. మధ్యలో తల్లి బయటికి వెళ్లి మళ్లీ వస్తుంది. తల్లి వెళ్లినప్పుడు ఏడుస్తున్నారా లేదా అన్నది అసలు కొలమానం కాదు. తిరిగొచ్చినప్పుడు ఏం చేస్తున్నారన్నదే చూస్తారు. కొందరు పరిగెత్తుకెళ్లి ఎత్తుకోమంటారు, రెండు నిమిషాల్లో ఊరడిల్లి ఆటలో పడతారు. కొందరు చంక ఎక్కుతారు, ఎక్కి కాళ్లతో తంతారు, ఎంతకీ ఊరుకోరు. మూడో రకం పిల్లలు తల్లి వచ్చినా తలెత్తి చూడరు, బొమ్మలతోనే ఉంటారు.

ఈ మూడో రకం గురించే చెప్పాలి. పైకి ఎంతో నిబ్బరంగా కనిపించే ఆ పిల్లల గుండె వేగం కొలిస్తే, ఏడ్చే పిల్లలతో సమానంగా కొట్టుకుంటోందని 1977 నాటి ఒక అధ్యయనంలో తేలింది. పెద్దవాళ్లలోనూ అంతే. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ గాట్‌మన్, ఆయన సహపరిశోధకుడు రాబర్ట్ లెవెన్‌సన్‌తో కలిసి, జంటల మాటల్ని గుండె వేగంతో సహా రికార్డు చేస్తూ వచ్చారు. ముఖం బిగించి గోడలా కూర్చున్న మనిషి లోపల అల్లకల్లోలంగా ఉన్నాడని తేలింది. గుండె నిమిషానికి 100 దాటి కొట్టుకుంటున్నప్పుడు ఎంత మంచి మాటైనా తలకెక్కదని గాట్‌మన్ అంటారు. అలాంటప్పుడు కనీసం 20 నిమిషాలు ఆగమని ఆయన సలహా. దానికి నేను ఒకటి చేరుస్తాను: లేచి వెళ్లేటప్పుడు “కాసేపాగి వస్తాను, మాట్లాడుకుందాం” అని చెప్పి వెళ్లండి. వెనక మిగిలిన మనిషికి ఆ ఒక్క మాట పెద్ద ఊరట.

పేపర్లో వచ్చిన ప్రేమ క్విజ్

బిడ్డకీ తల్లికీ సంబంధించిన ఈ సంగతిని ఆలుమగల దగ్గరికి తెచ్చింది ఒక దినపత్రిక. 1985లో సిండీ హేజన్, ఫిలిప్ షేవర్ అనే ఇద్దరు పరిశోధకులు డెన్వర్‌లోని ‘రాకీ మౌంటెన్ న్యూస్’లో ప్రేమ గురించి ఒక ప్రశ్నావళి వేయించారు. పాఠకులు కత్తిరించి పోస్టులో పంపారు. వాటిలో 620 జవాబుల్ని లెక్కగట్టి 1987లో ప్రచురించారు. 56 శాతం మంది దగ్గరితనం తమకి హాయిగానే ఉంటుందన్నారు. 25 శాతం మందికి ఎవరైనా మరీ దగ్గరైతే ఊపిరాడదు. 19 శాతం మందికి ఎదుటివాళ్లు వదిలేస్తారేమోనన్న బెంగ. ఈ రంగంలో ఆ తర్వాత వచ్చిన వేలాది పరిశోధనలకి ఆ పేపరు కత్తిరింపులే మొదలు.

‘నీది ఏ స్టైల్?’ అన్న ప్రశ్నే సరైంది కాదు

ఇంటర్నెట్ క్విజ్‌లు మనల్ని ఇలాంటి రకాల్లో ఏదో ఒక గడిలో కూర్చోబెడతాయి. పరిశోధకులు ఆ గడులు వదిలేసి పాతికేళ్లు దాటింది. 1998లో వచ్చిన 36 ప్రశ్నల కొలమానం నుంచి వాళ్లు చూసేవి రెండు గీతలు: వదిలేస్తారేమోనన్న ఆందోళన ఎంత, ఎవరైనా దగ్గరైతే దూరంగా జరిగిపోవడం ఎంత. రక్తపోటులాగే ఇవి ఒక్కొక్కరికీ ఒక్కో మోతాదులో ఉంటాయి, రోజులూ మనుషులూ మారితే మారతాయి. “మా ఆయన అవాయిడెంట్ (దూరంగా జరిగిపోయే రకం) అండీ, అంతే” అని ముద్ర కొట్టేస్తే ఆ మనిషికి మారే దారి మూసినట్టే. ఈ విషయం మీద నాకు గట్టి పట్టుదల ఉంది.

ఇక తృప్తి సంగతి. 73 అధ్యయనాల్ని కలిపి 2012లో చేసిన సమీక్షలో, ఈ రెండిట్లో ఏది ఎక్కువున్నా కాపురంలో సంతోషం తగ్గుతోందని కనిపించింది. ఆందోళన ఎక్కువైతే గొడవలు పెరుగుతాయి. జరిగిపోవడం ఎక్కువైతే ఆప్యాయత, ఒకరికొకరున్నామన్న భావన తగ్గుతాయి.

శంషాబాద్‌లో రోజూ కనిపించేది

1998లో వచ్చిన ఒక అధ్యయనం కోసం క్రిస్ ఫ్రేలీ, షేవర్ ఒక విమానాశ్రయంలో జంటల్ని గమనించారు. ఒకరు విమానం ఎక్కుతున్న జంటలు, ఇద్దరూ ఎక్కుతున్న జంటలు. విడిపోతున్నవాళ్లు ఒకరినొకరు ఎక్కువసేపు పట్టుకున్నారు, ఎక్కువసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నారు. దగ్గరితనాన్ని తప్పించుకునే తీరు ఎక్కువున్న మహిళలు మాత్రం ఆ సమయంలోనే దూరం జరిగారు.

ఇది చదివినప్పుడల్లా నాకు శంషాబాద్ గుర్తొస్తుంది. జగిత్యాల నుంచో, నిజామాబాద్ నుంచో తెల్లవారుజామున జీపులో వచ్చిన కుటుంబం. దుబాయ్‌కో, మస్కట్‌కో వెళ్లే మనిషి తాడుతో కట్టిన అట్టపెట్టె మీద పేరు సరిగా ఉందా లేదా అని నాలుగోసారి చూసుకుంటాడు. భార్య చంటిదాని టోపీ సర్దుతూ ఉంటుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. ఇక రెండేళ్లకి గానీ సెలవు దొరకదు. ప్రేమ లేక కాదు ఆ ముఖాలు తిప్పుకోవడం. చూసుకుంటే ఆగలేరని.

పుట్టింట్లో కాన్పు

తొలి కాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి వెళ్లడం మన పద్ధతి. తల్లికి విశ్రాంతి, బిడ్డకి అమ్మమ్మ, పిన్ని, మేనమామ చేతులు. ఒక్క తల్లినే కాదు, నమ్మకంగా చూసే నలుగురైదుగురిని పసిబిడ్డ హత్తుకోగలదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి కాబట్టి బిడ్డకి ఇందులో లోటు లేదు. ఆలుమగల వైపు నుంచి మాత్రం ఒక సంగతి గమనించాలి. జెఫ్రీ సింప్సన్, స్టీవెన్ రోల్స్ బృందం అమెరికాలో తొలిసారి తల్లిదండ్రులవుతున్న జంటల్ని అధ్యయనం చేసింది. ఆందోళన ఎక్కువున్న ఆడవాళ్లలో, కాన్పుకి ముందు భర్త అండ తక్కువగా ఉందనుకున్నవాళ్లకి బిడ్డ పుట్టాక కాపురం మీద తృప్తి బాగా పడిపోయింది. కాబట్టి ఆ నెలల్లో రోజూ చేసే వీడియోకాల్ బిడ్డని చూడటానికి మాత్రమే అయితే చాలదు. “నువ్వు పడుకున్నావా? ఏం తిన్నావు?” అని ఆమెనీ అడగాలి.

చెయ్యి పట్టుకుంటే మెదడు ఊరుకుంటుంది

2006లో జేమ్స్ కోన్ బృందం 16 మంది వివాహితల్ని ఎమ్‌ఆర్‌ఐ యంత్రంలో పడుకోబెట్టి, చిన్న కరెంటు షాక్ తగలొచ్చని చెప్పింది. ఒకసారి ఎవరూ చెయ్యి పట్టుకోలేదు, ఒకసారి ముక్కూమొహం తెలియని మనిషి పట్టుకున్నాడు, ఒకసారి భర్త పట్టుకున్నాడు. భర్త చెయ్యి అందినప్పుడే మెదడులో భయం తాలూకు అలజడి బాగా తగ్గింది. కాపురం ఎంత బాగుంటే అంత ఎక్కువ తగ్గింది.

ఇంకా ఆశ్చర్యం 2013లో. ఈసారి తీసుకున్నది సఖ్యత చెడిన జంటల్ని. థెరపీకి ముందు భర్త చెయ్యి పట్టుకున్నా ఆ భార్యల మెదడుకి పెద్ద ఊరట దొరకలేదు. కొన్ని నెలల థెరపీ తర్వాత అదే చెయ్యి, అదే యంత్రం, అదే షాక్. ఈసారి అలజడి తగ్గింది.

వెంటపడే మనిషి, తప్పుకునే మనిషి

ఆ థెరపీ పేరు ఎమోషనల్లీ ఫోకస్డ్ థెరపీ. కెనడాలో 1980లలో స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ రూపొందించారు. జాన్సన్ ఇంగ్లండ్‌లో తల్లిదండ్రులు నడిపిన పబ్‌లో పెరిగారు. మనుషులు ఎలా మాట్లాడుకుంటారో, ఎక్కడ తెగిపోతారో చిన్నప్పటి నుంచీ అక్కడే చూశారు. 2024లో చనిపోయేదాకా ఆమె చెప్పింది ఒకటే: గొడవ గిన్నెల గురించో డబ్బు గురించో కాదు, “నాకు అవసరమైనప్పుడు నువ్వు ఉంటావా?” అన్న ప్రశ్న గురించి.

ఎలా జరుగుతుందో ఊహించి చూద్దాం. థెరపిస్టు ఎదురుగా ఒక జంట.

“పొద్దున్నుంచీ చూస్తున్నాను, ఒక్క మాటైనా మాట్లాడారా అండీ ఈయన?”

“ఏం మాట్లాడమంటావు? ఏం మాట్లాడినా గొడవేగా.”

“చూశారా, ఇదీ వరస. ఇంట్లో అయితే ఈపాటికి బండి తాళాలు తీసుకుని వెళ్లిపోయేవారు.”

పెద్దమనుషులైతే ఇక్కడ ఇద్దరికీ చెరో చీవాటు పెడతారు. థెరపిస్టు అలా చెయ్యదు. భర్త వైపు తిరిగి నెమ్మదిగా, “ఆవిడ గొంతు పెరగ్గానే మీకు లోపల ఏమవుతుంది?” అంటుంది. ఆయన చాలాసేపు చేతులు చూసుకుంటాడు. “ఏం చేసినా తప్పే అవుతుందనిపిస్తుంది. ఇక ఈ మనిషికి నేను చాలనేమో అనిపిస్తుంది.” ఆ మాట తనతో కాకుండా భార్య వైపు తిరిగి చెప్పమంటుంది. భార్య ఆ మాట ఎప్పుడూ విని ఉండదు. “మీరు తాళాలు తీసిన ప్రతిసారీ ఇక రారేమోనని నేను కిటికీ దగ్గరే కూచుంటాను” అని ఆమె అంటే, అది ఆయన ఎప్పుడూ విని ఉండడు. ఈ ఒక్క మలుపు కోసం ఎనిమిది పది సిట్టింగులు పట్టొచ్చు.

ఇలా ఒకరు వెంటపడటం, ఇంకొకరు తప్పుకోవడం ఆడా మగా తేడా వల్ల మాత్రమే కాదు. మార్పు ఎవరు కోరుతుంటే వాళ్లు వెంటపడతారని ఆండ్రూ క్రిస్టెన్‌సన్, క్రిస్టోఫర్ హీవీ 1990లో చూపించారు. విషయం మారితే పాత్రలూ కొంత మారతాయి. 1994లో 354 జంటల్ని చూసిన మరో అధ్యయనంలో ఇద్దరూ బెంగటిల్లేవాళ్లయిన జంట గానీ, ఇద్దరూ జరిగిపోయేవాళ్లయిన జంట గానీ ఒక్కటీ కనిపించలేదు. బెంగ పడే ఆడమనిషి, జరిగిపోయే మగమనిషి కలిసిన జంటలు తృప్తి తక్కువున్నా విడిపోకుండా నిలిచాయి. మన ఇళ్లలో ఇలాంటి కాపురాలు ఎన్ని నలభై ఏళ్లు నడిచాయో! నిలిచింది కాబట్టి బాగున్నట్టే అనుకోవడం ఎంత తప్పో ఇది చెబుతోంది.

ఖర్జూరాల నుంచి కాపురాలకి

ఇక ఈ కౌన్సెలింగ్ మొదట్లో ఎలా ఉండేదో చూద్దాం. అమెరికాలో పెళ్లిళ్ల కౌన్సెలింగ్‌కి పేరు తెచ్చిన పాల్ పోపెనో డాక్టరూ కాదు, సైకాలజిస్టూ కాదు. ఖర్జూర చెట్ల పెంపకం మీద 1913లో పుస్తకం రాసిన మనిషి. 1930లో లాస్ ఏంజెలెస్‌లో ఆయన పెట్టిన సంస్థ వెనక ఉన్నది యూజెనిక్స్, అంటే ‘మంచి జాతి’ మనుషులు పెళ్లి చేసుకుని పిల్లల్ని కనాలనే చెడ్డ ఆలోచన. ఇవాళ్టి కపుల్ థెరపీ ఆ పునాది వదిలించుకుని చాలా దూరం వచ్చింది.

కోర్టులో కౌన్సెలింగ్, క్లినిక్‌లో థెరపీ

మన 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం విడాకుల కేసులో ముందు రాజీకి ప్రయత్నించాలని కోర్టుకే బాధ్యత పెట్టింది. అందుకే అక్కడ కౌన్సెలర్లు ఉంటారు. చాలామంది తెలుగువాళ్లకి ‘కౌన్సెలింగ్’ అనగానే గుర్తొచ్చేది కోర్టో, పోలీస్ స్టేషనో. రెండు చోట్లా వ్యవహారం ముదిరాకే అడుగుపెడతాం. థెరపీ పని తీర్పు చెప్పడం కాదు. కలిసుండాలా వద్దా అని తేల్చుకోలేని జంటలకి కూడా వేరే పద్ధతి ఉంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోని విలియం డోహర్టీ రూపొందించిన ఆ పద్ధతిలో ఒకటి నుంచి ఐదు సిట్టింగులే. కాపురాన్ని బాగుచెయ్యడం దాని లక్ష్యం కాదు, ఏ దారి పట్టాలో స్పష్టత తెచ్చుకోవడమే.

జంటలు సమస్య మొదలైన ఆరేళ్లకి గానీ థెరపీకి రారని ఒక లెక్క ప్రపంచమంతా తిరుగుతోంది. అదే డోహర్టీ బృందం 2021లో నిజంగా లెక్కవేస్తే సగటు 2.68 ఏళ్లని తేలింది.

ఎంతమందికి మేలు జరుగుతుంది?

జాన్సన్ పద్ధతి మీద 1999లో వచ్చిన సమీక్ష 70 నుంచి 73 శాతం జంటలు కోలుకున్నాయంది. ఆ సమీక్ష రాసినవాళ్లలో ఆ పద్ధతి కనిపెట్టినవాళ్లూ ఉన్నారని గుర్తుంచుకోవాలి. మరో పెద్ద ప్రయోగంలో క్రిస్టెన్‌సన్ బృందం, ఏళ్ల తరబడి తీవ్రంగా నలిగిన 134 జంటలకి రెండు రకాల బిహేవియరల్ థెరపీ ఇచ్చి, ఆ తర్వాత ఐదేళ్లు గమనించింది. దాదాపు సగం జంటలు మెరుగ్గా ఉన్నాయి. పావు వంతుకి కాస్త పైగా విడిపోయాయి. నాకు ఈ రెండో లెక్క మీదే ఎక్కువ నమ్మకం. అంతగా చెడిన వాటిలో సగం బాగుపడటం చిన్న సంగతి కాదు.

ఒకచోట మాత్రం కపుల్ థెరపీ వద్దు. కొడుతున్న, బెదిరిస్తున్న మనిషి పక్కన కూర్చుని మనసులో మాట చెప్పమనడం ప్రమాదం. ఇంటికెళ్లాక ఆ మాటకే దెబ్బలు పడొచ్చు. అక్కడ ముందు కావాల్సింది రక్షణ: మహిళా హెల్ప్‌లైన్ 181. మనసు బాగోలేక ఎవరితోనైనా మాట్లాడాలనుకునేవాళ్లకి కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీమానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు.

ఆనుకునే చోటుంటేనే ధైర్యం

“అంతగా నా మీద ఆధారపడితే ఎలా?” అని విసుక్కునేవాళ్లకి బ్రూక్ ఫీనీ 2007లో చేసిన అధ్యయనం చూపించాలి. భాగస్వామి ఆధారపడటాన్ని విసుక్కోకుండా ఒప్పుకున్న జంటల్లో, కొన్ని నెలలు గడిచేసరికి ఆ భాగస్వామే మరింత స్వతంత్రంగా తన పనులు చేసుకున్నాడు. ఉగాండా పల్లెల్లో అమ్మని వదిలి పాకిన పిల్లల సంగతే ఇదీ.

జరిగిపోయే స్వభావం ఉన్న భాగస్వామితో వాదన వచ్చినప్పుడు ఎదుటి మనిషి గొంతు తగ్గించి, ఆ దూరాన్ని గౌరవించి మాట్లాడితే వాళ్ల కోపం, ముడుచుకుపోవడం తగ్గాయని నికోలా ఓవరాల్ బృందం 2013లో గమనించింది. వయసు కూడా సాయపడుతుంది. జీవితమంతా పొడవునా చూస్తే, నడివయసు దాటేకొద్దీ వదిలేస్తారేమోనన్న బెంగ సగటున తగ్గుతూ వస్తుందని 2019లో వచ్చిన మరో పరిశోధన చెప్పింది.

ఏడాదికి 21 నిమిషాలు

థెరపిస్టు దొరకని ఊళ్లో ఉన్నవాళ్లకి ఎలి ఫింకెల్ 2013లో ప్రచురించిన ప్రయోగం ఇష్టంగా చెబుతాను. 120 జంటల్ని రెండేళ్లు గమనించారు. మొదటి ఏడాది ఎవరినీ ఏమీ చెయ్యమనలేదు, అందరిలోనూ తృప్తి కొంచెం కొంచెంగా దిగుతూ వచ్చింది. రెండో ఏడాది సగం జంటలకి నాలుగు నెలలకోసారి ఏడు నిమిషాల రాతపని ఇచ్చారు. మీ మధ్య ఈమధ్య జరిగిన గొడవని, ఇద్దరి మంచీ కోరే మూడో మనిషి చూస్తే ఎలా చూస్తాడు? అందులో ఆయనకి మంచిగా తోచేది ఏముంటుంది? గొడవ పడేటప్పుడు అలా ఆలోచించకుండా మీకు అడ్డుపడేది ఏమిటి? వచ్చే నాలుగు నెలల్లో ఆ చూపు ఎలా తెచ్చుకుంటారు? ఇంతే. ఏడాది మొత్తానికి 21 నిమిషాలు. రాయని జంటల్లో తృప్తి దిగుతూనే పోయింది. రాసిన జంటల్లో ఆ దిగడం ఆగింది.